బ్యాటరీ లైటు వెలిగితే తప్పు బ్యాటరీదేనా? భాకరాపేట ఘాట్ దిగాక ఆగిపోయిన మా కారు గురించి

ప్రశ్న: తిరుపతి, కొర్లగుంట నుంచి

పెద్దలకు, వాహనాల గురించి అనుభవం ఉన్నవారికి నమస్కారం. మాది ఏడేళ్ల నాటి పెట్రోలు కారు. గత ఆదివారం మదనపల్లెలో మా అక్కవాళ్ల గృహప్రవేశం చూసుకొని, అమ్మానాన్నలను వెంటబెట్టుకొని సాయంత్రం తిరుపతికి బయలుదేరాము. వాయల్పాడు దాటేవరకు ఏ ఇబ్బందీ లేదు. కలికిరి దగ్గర చీకటి పడుతుండగా హెడ్‌లైట్లు వేశాను. కొద్దిసేపటికే మీటరు బోర్డు మీద ప్లస్, మైనస్ గుర్తులున్న ఎర్రటి బ్యాటరీ బొమ్మ మినుకుమినుకుమంటూ కనిపించింది. చక్రం గుంతలో పడినప్పుడు వెలిగేది, బండి వేగం అందుకున్నప్పుడు ఆరిపోయేది. బ్యాటరీ కొని నాలుగేళ్లయింది కాబట్టి దానికి కాలం తీరిందని, తిరుపతి చేరాక కొత్తది వేయించుకుందామని అనుకొని ముందుకే సాగాను. ఏసీ నడుస్తూనే ఉంది, పాటలు వస్తూనే ఉన్నాయి, వెనుక సీటులో రెండు ఫోన్లు చార్జింగుకు పెట్టి ఉన్నాయి. వాటిలో ఒక్కటైనా ఆపాలన్న ఆలోచన నాకు రాలేదు.

పీలేరు దాటాక ఆ లైటు ఇక ఆరలేదు. భాకరాపేట ఘాట్ దిగడం మొదలుపెట్టేసరికి హెడ్‌లైట్ల వెలుగు పసుపు రంగుకు తిరిగి, లాంతరు వెలుగులా మారింది. రెండో మలుపు దగ్గర స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. అప్పటిదాకా ఒక చేత్తో తిరిగిన స్టీరింగును రెండు చేతులతో బలమంతా పెట్టి తిప్పవలసి వచ్చింది. దానితోపాటు మీటరు బోర్డు మీద ఏబీఎస్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు, స్టీరింగ్ లైటు వరుసగా వెలిగాయి. నాన్నగారు "ఎక్కడైనా ఆపరా" అంటున్నారు గాని, ఆ మలుపుల్లో ఆపేందుకు చోటు కనిపించలేదు. ఎదురుగా లారీలు ఎక్కివస్తున్నాయి. ఎలాగో కిందికి దిగి, రంగంపేట వెలుగులు కనిపిస్తున్న చోట ఇంజను దానంతట అదే ఆగిపోయింది. తాళం తిప్పితే సెల్ఫ్ తిరగలేదు, టకటకమన్న చప్పుడు మాత్రమే వచ్చింది. ఆ ఆగడమేదో నాలుగు కిలోమీటర్ల ముందు ఆగి ఉంటే ఏమయ్యేదో అన్న తలపు నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

మరునాడు ఇక్కడి మెకానిక్ ఒకరు చూసి, బ్యాటరీ చచ్చిపోయిందని చెప్పి కొత్తది వేశారు. పాతదాన్ని మార్పిడిలో ఇచ్చేశాను. రెండు రోజులు బండి చక్కగా నడిచింది. మూడో రోజు రాత్రి లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో నిలబడి ఉండగా అదే ఎర్ర బొమ్మ మళ్లీ మినుకుమంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కగానే ఆరిపోయింది.

నా సందేహాలు ఇవి. కొత్త బ్యాటరీ వేశాక కూడా ఆ లైటు ఎందుకు వెలుగుతోంది? అసలు ఆ బొమ్మ దేని గురించి చెబుతోంది? దారిలో అది వెలిగినప్పుడు వెంటనే ఆపాలా, కొంత దూరం పోవచ్చా? పోవచ్చు అంటే ఎంత దూరం? దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు: చిత్తూరు నుంచి ఒక ఆటో ఎలక్ట్రీషియన్

సోదరా, ముందుగా మీరూ మీ అమ్మానాన్నలూ క్షేమంగా ఇల్లు చేరినందుకు సంతోషం. 26 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాడిగా చెబుతున్నాను, మీరు చేసిన పొరపాటు చాలామంది చేస్తారు. దానికి సగం కారణం ఆ బొమ్మే. బ్యాటరీ బొమ్మ వేసి ఉండటం వల్ల చూసినవాళ్లంతా బ్యాటరీని అనుమానిస్తారు. మా షాపులో దానిని బ్యాటరీ లైటు అనము, చార్జింగ్ లైటు అంటాము. ఆ పేరు మనసులో పెట్టుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

ఇంజను నడుస్తున్నంతసేపు బండికి కావలసిన కరెంటు మొత్తం ఇచ్చేది ఆల్టర్నేటర్. మా వాడుకలో దానిని ఇప్పటికీ డైనమో అనే అంటాము. ఇంజను పక్కన బెల్టుతో తిరుగుతూ అది కరెంటు పుట్టిస్తుంది, బండి అవసరాలు తీర్చగా మిగిలినదాన్ని బ్యాటరీలోకి నింపుతుంది. బ్యాటరీ ముఖ్యమైన పని సెల్ఫ్ తిప్పడం. మన ఇళ్లలో బోరు మోటారు, మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఉంటాయి కదా, ఇదీ అంతే. ఆ ఎర్ర లైటు మోటారు ఆగిందని చెబుతుంది, ట్యాంకు పగిలిందని కాదు. మీకు చేసిన వైద్యం ఏమిటంటే, మోటారును చూడకుండా నిండు ట్యాంకును తెచ్చి మిద్దె మీద పెట్టడం. ఆ నిండు ట్యాంకుతో రెండు రోజులు గడిచింది. మోటారు దాన్ని నింపడం లేదని మూడో రోజు మళ్లీ లైటు చెప్పింది.

ఇప్పుడు ఆ ఆదివారం రాత్రి ఏం జరిగిందో లెక్క వేసి చూద్దాం. మీ తరహా చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. అంటే ఆగకుండా 35 ఆంపియర్లు వాడితే కాగితం మీద ఒక గంట వస్తుంది. నిజానికి అంత కూడా రాదు, ఎక్కువ కరెంటు లాగేకొద్దీ అది ఇంకా త్వరగా పడిపోతుంది. ఇంజను నడవడానికే, అంటే పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్, ఈసీయూ (ఇంజను కంప్యూటరు) అన్నీ కలిపి, సుమారు 10 ఆంపియర్లు కావాలి. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి 9 ఆంపియర్లు లాగుతాయి, వెనుక లైట్లతో కలిపితే 11 దాకా పోతుంది. ఏసీ బ్లోయరు పెద్ద స్పీడులో ఉంటే ఇంకో 10 నుంచి 15. ఏసీ కంప్రెసరు క్లచ్‌కు మూడు నాలుగు. రేడియేటర్ ఫ్యాను తిరిగినప్పుడల్లా పది పైమాటే. అన్నీ కలిపితే ముప్పావుగంట కూడా రావలసిన పని లేదు. మీకు కలికిరి నుంచి రంగంపేట దాకా వచ్చిందంటే, లైటు మినుకుమన్నంతసేపూ డైనమో అప్పుడప్పుడూ కొంత ఇస్తూ ఉండబట్టే.

ఘాట్‌లో స్టీరింగ్ బిగుసుకోవడానికి కారణం కూడా ఇదే. మీ బండిలో ఉన్నది కరెంటుతో నడిచే పవర్ స్టీరింగ్. తిన్నని రోడ్డు మీద దానికి పెద్దగా ఖర్చు ఉండదు గాని, నెమ్మదిగా పోతూ పెద్ద మలుపు తిప్పేటప్పుడు ఆ మోటారు ఆ కొద్ది క్షణాలు పదుల ఆంపియర్లు లాగేస్తుంది. వోల్టేజి బాగా పడిపోగానే స్టీరింగ్ కంప్యూటరు తనంతట తానే సహాయం ఆపేస్తుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలిగింది కూడా అవి చెడిపోయి కాదు, వాటి కంప్యూటర్లకు చాలినంత వోల్టేజి అందక. ఎక్కడైనా సంబంధం లేని లైట్లన్నీ ఒక్కసారి వెలిగితే ముందు చార్జింగే చూడాలి.

వెంటనే ఆపాలా అని అడిగారు. ముందు టెంపరేచర్ ముల్లు చూడండి. అది పైకి పోతున్నా, బానెట్ కింద ఏదో తెగి కొట్టుకున్న చప్పుడు వచ్చినా, కాలిన వాసన వచ్చినా మరో మాట లేకుండా పక్కకు తీసి ఇంజను ఆపాలి. అలాంటివేమీ లేకపోతే, పగటిపూట అయితే, ఏసీ, బ్లోయరు, పాటలు, ఫోను చార్జర్లు అన్నీ ఆపి, మనుషులూ షాపులూ ఉన్న తదుపరి ఊరి దాకా పోవచ్చు. నిండుగా ఉన్న మంచి బ్యాటరీతో పగలు ఒక గంట ప్రయాణం సాధ్యమే గాని, మీ బ్యాటరీ ఎంత నిండుగా ఉందో, అసలు లైటు వెలిగే ముందే ఎంత ఖాళీ అయిందో మీకు తెలియదు. కాబట్టి 20, 30 కిలోమీటర్లకు మించి నమ్మవద్దని నా సలహా. మధ్యలో టీ కోసమని ఇంజను ఆపకండి, మళ్లీ సెల్ఫ్ తిప్పడానికి వంద ఆంపియర్లకు పైగా కావాలి. అది ఉండకపోవచ్చు. రాత్రిపూట అయితే పీలేరులోనే ఆగిపోవలసింది. హెడ్‌లైట్లు ఆపి కరెంటు ఆదా చేసే పని ఎవరూ ఎన్నడూ చేయకూడదు.

ఇక మీ బండికి ఏం జరిగి ఉంటుందన్నది. గుంతలో పడితే వెలగడం, యాక్సిలరేటర్ తొక్కితే ఆరడం, రెండూ కలిపి చూస్తే నాకు మొదటి అనుమానం డైనమోలోని కార్బన్ బ్రష్‌ల మీద. లోపల తిరిగే తీగ చుట్టకు, అంటే రోటరుకు, కరెంటు అందించేవి ఆ రెండు చిన్న బ్రష్‌లే. వాటి వెనుక స్ప్రింగులు ఉంటాయి. బ్రష్ అరిగి పొట్టిదైపోయాక స్ప్రింగు దానిని గట్టిగా నొక్కలేదు. బండి ఎగిరినప్పుడల్లా బ్రష్ తాను ఆనుకునే స్లిప్ రింగు (రోటరు మీది లోహపు కడియం) మీది నుంచి ఎగురుతుంది, ఆ క్షణం చార్జింగ్ ఆగి లైటు వెలుగుతుంది. రెండో అనుమానం బెల్టు వదులు కావడం. అలా అయితే ఉదయం స్టార్ట్ చేయగానే, లేదా హెడ్‌లైట్లూ ఏసీ కలిపి వేయగానే కీచుమనే అరుపు వినిపిస్తుంది.

విప్పకముందే మీరే ఒక పరీక్ష చేయండి. ఎలక్ట్రికల్ షాపులో మామూలు డిజిటల్ మల్టీమీటర్ కొనండి. దానిని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర తీగను బ్యాటరీ ప్లస్‌కు, నల్ల తీగను మైనస్‌కు ఆనించండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12 కన్నా తక్కువైతే దాదాపు ఖాళీ. తరువాత ఇంజను స్టార్ట్ చేసి మళ్లీ చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టు. అప్పుడు హెడ్‌లైట్లు, బ్లోయరు, ఏసీ అన్నీ వేసి ఇంకోసారి చూడండి. అంత బరువు మీద కూడా 13.5కు పైన నిలబడాలి. ఇంజను నడుస్తున్నా మీటరు 12.4, 12.3 అంటూ మెల్లగా కిందికి దిగుతుంటే డైనమో పని చేయనట్టే. దానికి భిన్నంగా 15 దాటి పోతే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయిందని అర్థం. అదీ ప్రమాదమే. బ్యాటరీ లోపలి నీళ్లు మరిగి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఆ వాసన వస్తే దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు, బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, బండి ఆగిందా నడిచిందా అని చూసి డైనమో పరీక్షించే పాత అలవాటు ఇప్పటికీ కొందరికి ఉంది. వెనుకటి అంబాసిడర్ రోజుల్లో ఏమీ కాలేదు గాని, నేటి బండ్లలో ఆ క్షణంలో లేచే వోల్టేజి తాకిడికి, డైనమో కరెంటును డీసీగా మార్చే డయోడ్లు, ఈసీయూ పోయే ప్రమాదం ఉంది. మీ ముందు ఎవరైనా ఆ పని చేయబోతే ఆపండి.


జవాబు: పలమనేరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు

పై జవాబులో టెంపరేచర్ ముల్లు గురించి చెప్పిన ఒక్క వాక్యాన్ని ఎవరూ తేలికగా తీసుకోవద్దని కోరుతూ నా అనుభవం రాస్తున్నాను. నేను రోజూ పలమనేరు నుంచి బంగారుపాళెం దాకా కారులో వెళ్లి వస్తుంటాను. రెండేళ్ల క్రితం, మొగిలి ఘాట్ దిగాక, బానెట్ కింద ధబ్‌మన్న చప్పుడు ఒకటి వచ్చి అదే క్షణంలో ఈ ఎర్ర లైటు వెలిగింది. మినుకుమనలేదు, నేరుగా వెలిగి నిలిచిపోయింది. స్టీరింగ్ కూడా బరువెక్కింది. బడికి ఇంకా నాలుగైదు కిలోమీటర్లే ఉంది కాబట్టి ఎలాగో పోదామనిపించింది. అంతలో ముల్లు ఎన్నడూ లేనంత పైకి లేవడం చూసి చింతచెట్టు కింద ఆపేశాను.

మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి చూపిస్తే, బెల్టు తెగి పీలికలు పీలికలుగా వేలాడుతోంది. మా బండిలో డైనమోకు, స్టీరింగ్ పంపుకు, ఇంజనుకు నీళ్లు తిప్పే వాటర్ పంపుకు ఒకటే బెల్టు. అది తెగితే చార్జింగ్ ఒక్కటే కాదు, ఇంజను చల్లబడటం కూడా ఆగిపోతుంది. అలాగే ఇంకో రెండు మూడు కిలోమీటర్లు పోయి ఉంటే ఇంజను హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్, కాలిపోయి ఖర్చు పదింతలయ్యేదని ఆయన అన్నారు. అన్ని బండ్లలో ఇలా ఉండదట, కొన్నింటిలో వాటర్ పంపు వేరే టైమింగ్ బెల్టు మీద తిరుగుతుందట. మీ బండిలో ఏది ఎలా ఉందో తీరిక ఉన్న రోజున మెకానిక్‌ను అడిగి తెలుసుకొని పెట్టుకోండి. దారిలో లైటు వెలిగిన రోజున ఆ ఒక్క సమాచారమే మిమ్మల్ని కాపాడుతుంది.

ఆ తెగిన బెల్టు ముక్కను నేను ఇంటికి తెచ్చుకొని చూశాను. లోపలివైపు పొడవునా గాడులు ఉంటాయి. ఆ గాడులకు అడ్డంగా, ఎండిన చెరువు నేల బీటలు వారినట్టు, వేలి వెడల్పుకు మూడు నాలుగు చొప్పున చీలికలు ఉన్నాయి. అవి ఒక్కరోజులో వచ్చినవి కావు. ముందు రెండు నెలలుగా వాన పడిన ఉదయాల్లో బండి స్టార్ట్ చేయగానే కీచుమనేది, కాసేపటికి ఆగిపోయేది. ఆగిపోయింది కదా అని నేనే ఊరుకున్నాను. ఇప్పుడు ప్రతి సర్వీసుకూ ఆ బెల్టును టార్చి వేసి చూపించమని అడుగుతాను.

ఆడవాళ్లకు, పంచె కట్టే పెద్దలకు ఒక మనవి. ఇంజను నడుస్తుండగా బానెట్ ఎత్తి బెల్టు వైపు వంగకండి. చున్నీ కొంగు, కండువా అంచు అందులో చిక్కుకోవడానికి రెప్పపాటు చాలు. ఇంజను ఆపి, తాళం చేతిలోకి తీసుకున్నాకే చూడండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకండి.


జవాబు: తిరుపతి నుంచి, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ బోధించే ఒక అధ్యాపకుడు

పై ఇద్దరూ చెప్పినవి సరైనవే. లైటు ఎలా వెలుగుతుంది, ఎలా ఆరుతుంది అన్నది తెలిస్తే ఇంకొక లోపాన్ని కూడా ముందే పట్టుకోవచ్చు కాబట్టి అది మాత్రం చేరుస్తాను.

పాత పద్ధతి బండ్లలో ఆ చిన్న బల్బుకు ఒక చివర తాళం ద్వారా బ్యాటరీ ప్లస్‌కు, రెండో చివర ఆల్టర్నేటర్‌కు కలిసి ఉంటుంది. తాళం వేసి ఇంజను ఇంకా స్టార్ట్ చేయనప్పుడు బ్యాటరీ కరెంటు బల్బు గుండా రోటరు చుట్టలోకి పారుతుంది, అందుకే బల్బు వెలుగుతుంది. ఆ కొద్దిపాటి కరెంటే రోటరుకు తొలి అయస్కాంత శక్తిని ఇస్తుంది. ఇంజను తిరిగి ఆల్టర్నేటర్ వోల్టేజి పుట్టించగానే బల్బు రెండు చివరలా ఒకే వోల్టేజి ఉంటుంది, తేడా లేకపోవడంతో బల్బు ఆరిపోతుంది. అంటే అది ఆరడమే ఆరోగ్యానికి గుర్తు. తరువాత వచ్చిన ఐసీ (చిప్) రెగ్యులేటర్ రకాల్లో బల్బును వెలిగించేదీ ఆర్పేదీ రెగ్యులేటరే. ఈ మధ్య బండ్లలో ఆ నిర్ణయం కంప్యూటరు చేతిలోకి పోయింది. అందువల్లనే బ్రష్‌లు అరిగిన లోపం పాత బండిలో తాళం వేసినప్పుడు బల్బు వెలగకపోవడంగానూ, మీ వంటి బండిలో నడుస్తుండగా వెలగడంగానూ కనిపిస్తుంది.

దీని నుంచి రోజూ చేయదగిన పరీక్ష ఒకటి వస్తుంది. తాళం తిప్పి, స్టార్ట్ చేయకముందు ఒక్క క్షణం ఆగి మీటరు బోర్డు చూడండి. బ్యాటరీ బొమ్మ వెలగాలి. వెలగకపోతే బల్బు పోయి ఉండవచ్చు, తీగ తెగి ఉండవచ్చు. లైటు ఎప్పుడూ వెలగడం లేదు కాబట్టి అంతా బాగుందని అనుకోవడం ఇక్కడ పెద్ద ప్రమాదం, ఎందుకంటే రేపు చార్జింగ్ ఆగినా హెచ్చరిక రాదు. మా వీధిలో ఒకరి కారులో ఎలుకలు సరిగ్గా ఆ తీగనే కొరికేశాయి. బానెట్ కింద వెచ్చదనానికి అవి చేరడం మన ఊళ్లో అందరికీ తెలిసిన బాధే.

టెర్మినళ్ల సంగతి కూడా చెప్పాలి. వాటి మీద పేరుకునే తెల్లటి, పచ్చటి పొడి కరెంటు దారిని మూసేస్తుంది. ఇంజను ఆపి, ముందు మైనస్ తీగ విప్పి, తరువాత ప్లస్ విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి. ఆరాక ముందు ప్లస్, చివరగా మైనస్ బిగించి, పైన కాస్త వాసలైన్ పూయండి. మన ఊరి ఎండకు బ్యాటరీల ఆయుష్షు ఎలాగూ తగ్గుతుంది, కనీసం ఈ పొడి వల్ల తగ్గకుండా చూసుకోవచ్చు. 1985లో మొదలైన అమర రాజా సంస్థ ఇక్కడి కరకంబాడిలోనే బ్యాటరీలు తయారు చేస్తోంది. బ్యాటరీలు పుట్టే ఊళ్లో ఉన్న మనం వాటి గురించి ఈ మాత్రం తెలుసుకోవడం బాగుంటుందని నా విద్యార్థులతో తరచూ అంటుంటాను.


ప్రశ్న అడిగినవారు

అన్నగారికి, మేడమ్‌గారికి, మాస్టారికి ధన్యవాదాలు. మల్టీమీటర్ కొన్నాను. ఈ ఉదయం ఆగి ఉన్నప్పుడు 12.1 చూపింది, కొత్త బ్యాటరీ అంత తక్కువ చూపడం నాకే ఆశ్చర్యం వేసింది. ఇంజను స్టార్ట్ చేస్తే కాసేపు 13.2, మళ్లీ 12.3, అలా ఊగుతోంది. హెడ్‌లైట్లు వేయగానే 11.9కు పడి ఎర్ర లైటు వెలిగింది. బెల్టు మాత్రం బిగువుగానే ఉంది.

ఇంకొక్క మాట. ఈ శనివారం అమ్మానాన్నలకు తిరుమల దర్శనం టికెట్లు ఉన్నాయి. కొర్లగుంట నుంచి అలిపిరి ఎంత దూరమో మీకు తెలుసు. బ్యాటరీని బయట నిండుగా చార్జ్ చేయించి, పగలే వెళ్లి పగలే దిగితే సరిపోతుందా? రిపేరు వచ్చే వారం చేయించుకోవచ్చునా?


జవాబు: చిత్తూరు ఆటో ఎలక్ట్రీషియన్

వద్దు సోదరా. ఈ మాటలో మొహమాటం లేదు. పైకి ఎక్కడం ఎలాగో అయిపోయినా, దిగే దారి 1944లో వేసిన పాత ఘాట్, మలుపు మీద మలుపు. మీ బండిలో బ్రేకు తేలికగా పడటానికి ఇంజను ఇచ్చే వాక్యూమ్ కారణం. ఇంజను ఆగిందంటే బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే అయిపోతుంది, ఆ తరువాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బ్రేకు ఉంటుంది, కాని రెండు కాళ్ల బలం పెట్టాలి. పక్కనే స్టీరింగ్ కూడా బిగుసుకుంటుంది. భాకరాపేటలో మీరు చూసింది ఇందులో సగమే, ఎందుకంటే ఆ రోజు ఇంజను కిందికి దిగాక ఆగింది. ఆర్టీసీ బస్సులు అలిపిరి నుంచి పగలంతా తిరుగుతూనే ఉంటాయి. శనివారంలోపు పని కాకపోతే అమ్మానాన్నలను బస్సులో తీసుకెళ్లండి.

నిజానికి పని అంత పెద్దదీ కాదు. మీరు చెప్పిన అంకెలు బ్రష్‌లకే సరిపోతున్నాయి. డైనమో దించి, విప్పి, బ్రష్‌లు మార్చి, బిగించడం చేతి అలవాటు ఉన్నవారికి పూటలో అయ్యే పని. డైనమో మొత్తం కొత్తది వేయాలని ఎవరైనా అంటే, ముందు విప్పి చూపించమనండి. విప్పినప్పుడు స్లిప్ రింగుల మీద గాడి పడిందా, బేరింగు చప్పుడు చేస్తోందా, డయోడ్ ప్లేటు బాగుందా చూడమని అడగండి. ఇంజను నడుస్తుండగా మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర చూస్తే అర వోల్టు కంటే ఎక్కువ వస్తే డయోడ్ పోయినట్టు, అది పోతే రాత్రిపూట ఆగి ఉన్న బండిలోనూ బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఇంకొక సంగతి, కొత్త బ్యాటరీ సగానికి పడిపోయింది కాబట్టి బాగు చేసిన డైనమో మీద ఆ భారం వేయకుండా, ఒక రాత్రి బయట నెమ్మదిగా చార్జ్ పెట్టించి తరువాత బిగించండి.

మొదట బ్యాటరీ మార్చిన మెకానిక్ మీద కోపం పెట్టుకోకండి. ఖాళీ అయిన బ్యాటరీ, చచ్చిన బ్యాటరీ పైకి ఒకేలా కనిపిస్తాయి. కాని కొత్తది బిగించాక ఇంజను నడుపుతూ మీటరు పెట్టి చూడటం ఒక నిమిషం పని, అది చేసి ఉండవలసింది. ఇకపై ఎక్కడ బ్యాటరీ మార్పించినా ఆ అంకె చూపించమని మీరే అడగండి.


ప్రశ్న అడిగినవారు

శుక్రవారం పని పూర్తయింది. ఆటోనగర్‌లో డైనమో విప్పుతుంటే నేను పక్కనే నిలబడి చూశాను. లోపలంతా కాటుకలా నల్లటి పొడి. రెండు బ్రష్‌లలో ఒకటి చిటికెన వేలి గోరంత కూడా మిగల్లేదు, దాని స్ప్రింగు పూర్తిగా సాగి ఇక నొక్కేందుకు ఏమీ లేక ఊరకే ఉంది. ఇంకొకటి దానికి రెట్టింపు ఉంది. స్లిప్ రింగులను సన్నటి ఎమరీ కాగితంతో తుడిచి, బ్రష్‌లు మార్చారు. బేరింగు, డయోడ్లు బాగున్నాయని మీటరు పెట్టి చూపించారు. ఏసీ వోల్టుల పరీక్ష చేయమని నేను అడిగినప్పుడు ఆయన నవ్వి, ఎవరు చెప్పారని అడిగి మరీ చేశారు. ఎంతో తక్కువ ఖర్చులో అయిపోయింది, అందులో పాత బ్యాటరీని ఊరకే పోగొట్టుకున్న బాధ ఒక్కటే మిగిలింది.

బ్యాటరీని ముందురోజు రాత్రంతా చార్జ్ పెట్టించాను. ఇప్పుడు ఇంజను నడుస్తుంటే 14.2, హెడ్‌లైట్లు, బ్లోయరు, ఏసీ అన్నీ వేస్తే 13.9. తాళం తిప్పగానే బొమ్మ వెలుగుతోంది, స్టార్ట్ అవగానే ఆరిపోతోంది. అయినా ఒక రోజు నడిపి చూడకుండా ఘాట్ ఎక్కించడం ఇష్టం లేక, శనివారం అమ్మానాన్నలను అలిపిరి నుంచి బస్సులోనే పైకి తీసుకెళ్లాను. నాన్నగారు కిటికీ పక్కన కూర్చొని దారి పొడవునా మలుపులు లెక్కపెట్టుకుంటూ వచ్చారు.

ఆదివారం ఉదయం చంద్రగిరి దాకా వెళ్లి వచ్చాను. రంగంపేట వైపు పోయే దారిలో కొంత దూరం నడిపి, తిరిగి వచ్చి మీటరు పెడితే 14.1 ఉంది. ఆ మల్టీమీటర్‌ను ఇప్పుడు డాష్‌బోర్డు అరలోనే ఉంచుతున్నాను.